మూడో కాఫీ

తిహానా పెట్టెలో పెట్టిన ఎర్ర స్వెటర్‌ను షెంసా తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది.

తిహానా బీరువా తెరిచి, స్వెటర్ తీసుకుని, మళ్ళీ పెట్టెలో సర్దింది. ఈసారి దాని మీద రెండు జతల మేజోళ్ళు కూడా పెట్టింది. షెంసా వంగి ఆ మేజోళ్ళు తీసింది.

పొద్దుటినుంచీ ఇదే వరస. కోడలు సర్దడం, అత్త విప్పడం. నేను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాను. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఇద్దరినీ ఎరిగినదాన్ని కాబట్టి నా మీద నాకే జాలేసింది.

"స్తోయా, నువ్వయినా చెప్పు దానికి," అంది షెంసా నా వైపు చూడకుండానే. "ఈ చలిలో పిల్లని బస్సెక్కిస్తుందట."

"బస్సులో హీటరు ఉంటుంది పిన్నీ," అంది తిహానా. తనూ నా వైపు చూడలేదు. "మీరైనా చెప్పండి అత్తయ్యకి."

ఎదురెదురుగా నిలబడి నా చేత మాటలు మోయించడం వీళ్ళకి కొత్త కాదు. ఈ బిస్త్రిక్ పేట మిట్ట మీద మా రెండిళ్ళకీ వాకిలి ఒకటే, కుళాయి ఒకటే. షెంసా నమాజు చేసుకుంటుంది, నేను సిలువ గీసుకుంటాను. యుద్ధంలో ఊరిని ముట్టడించిన రోజుల్లో ఒకే పొయ్యి మీద వండుకుని బతికాం. అలాంటి చోట పక్కింటిదానికి ఈ మాత్రం కూలి తప్పదు.

"మీ గొడవ మీరు పడండి," అన్నాను. "నా కాళ్ళు లాగుతున్నాయి. కూర్చోబెడతారా, పొమ్మంటారా?"

అప్పుడుగాని షెంసాకి మర్యాద గుర్తు రాలేదు. మేజోళ్ళు మంచం మీద పడేసి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఎర్ర స్వెటర్ కూడా చంకలో పెట్టుకుపోయింది.

కిటికీ దగ్గర దివాను మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని జెరీనా కూర్చుని ఉంది. ఆ పెట్టె దానిదే, ఆ స్వెటరూ దానిదే. అద్దం మీద ఆవిరి పడితే వేలితో తుడవడం, బయటికి చూడడం, మళ్ళీ తుడవడం. బయట చూడడానికేముంది? నాలుగు రోజులుగా ఊరి మీద పొగమంచు దిగి కూర్చుంది. కొండ మీది ఇళ్ళ బొగ్గు పొగంతా అందులోనే కలిసి, వాకిట్లో ప్లమ్ చెట్టు కూడా కనబడడంలేదు.

"పాపా, ఏమన్నా తిన్నావా?" అన్నాను.

తల ఊపింది. తిన్నానని కాదు, అడగొద్దని.

ఆరేళ్ళ కిందట షెంసా కొడుకు రుస్మీర్ జబ్బు చేసి పోయాడు. వాడు పోయిన శీతాకాలమే తిహానా ఈ పిల్లని అత్త ఒళ్ళో పెట్టి, "ఒక్క చలికాలం చూడండి అత్తయ్యా, కాస్త నిలదొక్కుకుని తీసుకుపోతాను," అని ఆస్ట్రియాలో గ్రాట్స్‌కి వెళ్ళింది. అక్కడ కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. ఆ ఒక్క చలికాలం ఆరు చలికాలాలైంది. అప్పుడు పళ్ళూడుతున్న పిల్ల ఇప్పుడు నా భుజం దాటింది.

రాలేదని అనను. ప్లమ్ పూలకి ఒకసారి, లిండెన్ చెట్లు వాసనలీనే వేసవికి ఒకసారి, ఎర్ర మిరపకాయలు కాల్చి జాడీలకెత్తే రోజుల్లో ఒకసారి, తిహానా వాళ్ళ కాథలిక్ క్రిస్మస్‌కి ఒకసారి. తప్పకుండా వచ్చేది. వచ్చి వారం ఉండేది. పిల్లని తీసుకుని చార్షియా బజారంతా తిరిగేది, నది గట్టున ఫొటోలు తీసేది, బస్టాండులో ఏడ్చి వెళ్ళిపోయేది. మళ్ళీ కాలం మారేదాకా ఫోనే.

ఈసారి ఏడ్చి వెళ్ళడానికి రాలేదు. రేపు పొద్దున బస్సుకి రెండు టిక్కెట్లు కొనుక్కుని వచ్చింది.

షెంసా కప్పులూ, కాఫీ కాచిన జెజ్వా గిన్నే ఉన్న రాగిపళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. మా ఊళ్ళో కాఫీ మూడుసార్లు ఇస్తారు. రాగానే ఒకటి, రమ్మన్నామని. కబుర్ల మధ్యలో ఒకటి, ఉండమని. ఆఖర్న ఒకటి, ఇక లేవండి అని నోటితో అనలేక. మూడోది వచ్చిందంటే తాగి చెప్పులేసుకోవడమే, ఎవరూ తప్పు పట్టరు. ఈ లెక్కలో షెంసా అంత పట్టింపు మనిషి మా వీధిలో ఇంకొకతె లేదు. ముట్టడిలో కాఫీ గింజలు దొరక్క పప్పు మాడ్చి కాచేవాళ్ళం. అప్పుడు మొదటిదీ రెండోదీ ఇచ్చేది, మూడోది ఇచ్చేది కాదు. "బయట గుళ్ళు పడుతుంటే మనిషిని పొమ్మని ఎలా పోస్తానే?" అనేది. అంత పట్టింపు.

ఇంటివాళ్ళకి మూడోది లేదు. కోడలికి ఆరేళ్ళలో ఒక్కసారీ పోయలేదు, ఎంత కొట్టుకున్నా సరే. నాకూ పోయలేదు. "గోడ అవతలదానివి, పొమ్మన్నా ఎక్కడికి పోతావు?" అంటుంది.

"బడిలో సీటు వచ్చింది," అంది తిహానా కప్పు చేతిలోకి తీసుకుని. ఈసారి నేరుగా అత్తతోనే. "మంచం కొన్నాను. కిటికీ పక్కన వేశాను. ఇంకా ఏం చెయ్యమంటారు అత్తయ్యా?"

"పండక్కి వస్తానన్నావు, రావలసింది."

"మంచు పట్టి విమానం దిగలేదు. ఆ మంచు నేను పుట్టించానా?"

"పిల్లకి అది తెలీదు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మీ చర్చి మెట్ల దగ్గర నేనూ స్తోయా దీన్ని చెరో పక్కా పట్టుకుని నిలబడ్డాం. మా ఇద్దరిలో ఎవరిదమ్మా ఆ పండగ? నాదా? స్తోయాదా? స్తోయా క్రిస్మస్ ఇంకా రానేలేదు, ఆర్థడాక్స్ వాళ్ళది జనవరిలో వస్తుంది. లోపల పాటలయిపోయి జనమంతా బయటికొచ్చేశారు. ఇది మాత్రం అటూ ఇటూ చూస్తూనే ఉంది."

"మర్నాడు రాత్రికల్లా బస్సు పట్టుకుని వచ్చాగా! పద్నాలుగ్గంటలు కూర్చుని వచ్చా!"

"వచ్చావు. ఎవరు కాదన్నారు?"

మాట మెత్తగానే ఉంది. షెంసా మెత్తగా మాట్లాడిందంటే ఎక్కడో లోపల కోసుకుపోతుందని నాకు తెలుసు. తిహానాకీ తెలుసు.

"నేను కట్టిచ్చిన పళ్ళతోనే నన్ను కొరుకుతారు," అంది.

నిజమే. షెంసా పైవరస పళ్ళు తిహానా చేసినవే. కిందటేడు వేసవిలో తనే కొలతలు తీసుకుని వెళ్ళి, ఆకురాలే కాలంలో తెచ్చి తొడిగింది. నాకు నవ్వాగలేదు. షెంసా పెదాలు కూడా ఒక్క క్షణం కదిలాయి. ఆ ఒక్క క్షణం ఇంట్లో పొయ్యి చప్పుడు వినబడింది. ఇంకెవరన్నా మంచి మాట అందుకుని ఉంటే ఆ పూట ఎలా గడిచేదో!

ఎవరూ అందుకోలేదు. షెంసా రెండో కాఫీ కాచి తెచ్చింది. తెచ్చి పోస్తూ అనేసింది.

"నా కొడుకుని మట్టిలో పెట్టిన చేతులు ఆరకముందే వెళ్ళిపోయావు. ఇప్పుడు వాడి గుర్తు ఒక్కటుంటే అదీ పట్టుకుపోతానంటావు. నాకేం మిగుల్తుంది తిహానా? ఈ జెజ్వాలూ గిన్నెలూనా?"

"మీ కొడుకు మందులకి చేసిన అప్పులు ఎవరు తీర్చారో అడగండి! సరదాకి పోయానా నేను? ఊరంతా పళ్ళికిలిస్తూ తిరగడానికి పోయానా? నా కడుపున పుట్టిన పిల్లని నేను కాలానికోసారి చుట్టంలా చూసిపోతున్నానత్తయ్యా. మీకు ఒక్కరోజైనా తెలిసిందా అదెలా ఉంటుందో?"

"నాకు తెలిసింది వేరు. జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది నేను. లెక్కలు రాకపోతే బడికి పోయి మాస్టారి చేత చీవాట్లు తిన్నది నేను."

"తిహానా, ఊరుకోమ్మా. షెంసా, నువ్వూ ఊరుకో. పిల్ల వింటోంది," అన్నాను.

"విననీండి పిన్నీ. నేనేం దాచి మాట్లాడటంలేదు. మొన్న మిరపకాయలు కాలుస్తున్నప్పుడే అడిగాను దాన్ని. చలికాలంలో తీసుకుపోతాను, వస్తావా అని. వద్దనలేదు."

కిటికీ దగ్గరనుంచి మొట్టమొదటిసారి గొంతు వినబడింది.

"మిరపకాయలు మాడిపోతున్నాయి అన్నాను."

తిహానా అటు తిరిగింది. "ఏంటి నాన్నా?"

"నువ్వు అడిగినప్పుడు నేను అన్నది అదే. మిరపకాయలు మాడిపోతున్నాయి అన్నాను. నువ్వు అవునని అనుకున్నావు."

షెంసా కుర్చీలో నిటారుగా కూర్చుంది. గెలిచిన మొహం పెట్టకుండా ఉండడానికి పాపం ప్రయత్నించింది. ఫలించలేదు. అది చూసి తిహానాకి మండింది.

"మీరే నూరిపోశారు దీనికి. మీరూ, పిన్నీ కలిసి. నేను లేనప్పుడు ఇంట్లో నా గురించి ఏమేం మాట్లాడుకుంటారో నాకు తెలీదనుకోకండి."

"నన్నెందుకమ్మా లాగుతావు?" అన్నాను. రోషం వచ్చింది నాకు. వస్తే నా నోరు ఆగదు. "నీ గురించి చెడ్డ మాట ఈ ఇంట్లో నేను వినలేదు. అక్టోబరులో పిల్ల భయపడిపోయి ఏడుస్తూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చినప్పుడు కూడా, మీ అమ్మ వచ్చాక చెప్పుకో, బెంగపడకు అనే మేమిద్దరం..."

అక్కడ ఆగాను. అప్పటికే ఆలస్యమైంది.

"ఎందుకు ఏడ్చింది?" అంది తిహానా.

షెంసా నా వైపు గుడ్లురిమి చూసింది. జెరీనా మొహం చెవులదాకా ఎర్రబడింది.

తిహానా నెమ్మదిగా పిల్ల వైపు చూసింది. తలనుంచి కాళ్ళదాకా. పిల్ల పెద్దమనిషి అయిందని ఆ చూపులోనే అర్థమైపోయింది ఆమెకి. చేతిలో కప్పు పళ్ళెంలో పెట్టబోయి, పక్కన బల్ల మీద పెట్టింది.

"అక్టోబరా?" అంది. "నేను అక్టోబరు మొదటివారం ఇక్కడే ఉన్నానుగా."

"నువ్వు వెళ్ళిన మూడోరోజు," అంది జెరీనా.

"రోజూ ఫోన్ చేస్తున్నానే! ఒక్కసారి చెప్పలేకపోయావా? నేను నీ అమ్మని కానా?"

"ఫోనులో ఎలా చెప్పమంటావమ్మా?"

పిల్ల దివాను దిగి నిలబడింది. దాని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. పదమూడేళ్ళ పిల్ల అలా అలిసిపోయిన గొంతుతో మాట్లాడుతుంటే వినలేకపోయాను.

"నువ్వు వచ్చేసరికి చెట్టు పూసి ఉంటుంది. బాగుంది బాగుంది అని ఫొటో తీస్తావు. అది మొగ్గ తొడిగేది నీకు తెలీదు, పూలు బురదలో పడి కుళ్ళేది తెలీదు. మార్చినెలలో వానకి మన వాకిలి ఎంత కంపు కొడుతుందో తెలీదు. నువ్వు చూసే ఊరు వేరమ్మా. నేనుండే ఊరు వేరు. నాకు జరిగేవన్నీ నువ్వు లేనప్పుడే జరుగుతాయి. నేను కావాలని చెయ్యను, అలాగే జరుగుతాయి."

"అందుకేగా తల్లీ తీసుకుపోతానంటున్నాను! ఇక అన్నీ నా దగ్గరే జరుగుతాయి."

"అప్పుడు నానమ్మ నాలుగుసార్లు వస్తుందా? చెట్టు పూసినప్పుడు ఒకసారీ, మంచు పడ్డప్పుడు ఒకసారీనా?"

షెంసా తన తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంది. "అడుగు, అలా అడుగు," అంది.

"నువ్వు ఊరుకో నానమ్మా. నువ్వూ అంతే. రాత్రి నేను నిద్రపోయాననుకుని నా కాళ్ళు పట్టుకుని ఏడుస్తావు. నువ్వు వెళ్తే చచ్చిపోతానే అంటావు. నేను కదలకుండా పడుకుంటాను. ఎన్నాళ్ళు పడుకోను?"

షెంసా చెయ్యి కళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఇది నాకు తెలియదు. గోడ ఇంత పల్చన అయినా తెలియలేదు.

ఇద్దరూ ఆ క్షణాన లేచి పిల్లని చెరోవైపు దగ్గరికి తీసుకుని ఉంటే! ఊరికే, మాట లేకుండా. కాని మనుషులు అంత తెలివిగా ఉంటే నాలాంటిదానికి చెప్పడానికి కథలుండవు. తిహానా ముందుకు వంగి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి అడిగింది.

"సరే. ఇవాళ తేల్చెయ్. నీకు ఎవరు కావాలి?"

"అవును, చెప్పు తల్లీ," అంది షెంసా వెంటనే. "నీ నోటితో చెప్పు. నేనేమీ అనుకోను. ఎవరు కావాలి నీకు?"

ఆరేళ్ళలో అత్తాకోడళ్ళు ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

జెరీనా ఒకసారి తల్లినీ నానమ్మనీ చూసింది. నన్నూ చూసింది. నేను తలదించుకున్నాను. పిల్ల వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఇత్తడి మరలో గింజలు విసురుతున్న చప్పుడు వినబడింది.

"మనసు కుదుటపడింది," అంది షెంసా గుసగుసగా. "మనసు బాగోకపోతే మర ముట్టుకోదు. కాఫీ పెట్టడం నేనే నేర్పాను. నురగ చెదరకుండా పోస్తుంది."

"నాకు చక్కెర బిళ్ళ ముంచుకుని కొరకడం ఇష్టమని దానికి గుర్తుంది," అంది తిహానా, తనలో తనే. "నిన్న అడక్కుండానే పెట్టింది."

ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆ చప్పుడులో ఎవరికి వాళ్ళకి కావలసిన జవాబు వినబడుతోంది. నేను మాత్రం బల్ల మీద ఖాళీ అయిన కప్పులు చూస్తున్నాను. నేను రాగానే ఒకటి తాగాం. మాటల్లో పడ్డాక ఇంకొకటి తాగాం.

జెరీనా పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు తీసే తెల్ల కప్పులు పెట్టింది. ముందు తిహానా ముందు ఒకటి పెట్టి, జెజ్వా వంచి పోసింది. పక్కన చక్కెర బిళ్ళ కూడా పెట్టింది.

తిహానా మొహంలో రక్తం లేదు. కప్పు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. షెంసా కూడా ఆ కప్పునే చూస్తోంది. కోరుకున్నది దొరికినా ఆవిడకి సంతోషం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. "ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అని కోప్పడబోయింది. "తల్లికి పోస్తారటే ఎవరైనా..."

మాట పూర్తవలేదు. రెండో తెల్ల కప్పు షెంసా ముందు పెట్టింది జెరీనా.

మూడోది నా ముందు.

ముగ్గురికీ పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. నురగ చెదరలేదు.

"ఇది నా ఇల్లే," అంది షెంసా. మామూలు గొంతే, కాని పిల్లని అడుగుతున్నట్టుంది.

"తెలుసు నానమ్మా."

"నా ఇంట్లో నాకు పోశావు."

"తాగండి," అంది జెరీనా. "నన్ను కాసేపు వదిలెయ్యండి. అంతే. తాగండి."

తిహానా కుర్చీ వెనక్కి తోసి పిల్ల ముందు నేల మీద కూర్చుండిపోయింది. దాని రెండు చేతులూ పట్టుకుంది. "నాన్నా, టిక్కెట్లు చింపేస్తాను. బడీ వద్దు, ఏమీ వద్దు. అడగను. ఇంకెప్పుడూ అడగను. ఇలా పంపకు. ఇప్పుడు పంపావంటే నేను మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తాను?"

జెరీనా చేతులు విడిపించుకోలేదు. తల్లి జుట్టు వైపు చూస్తూ నిలబడింది.

"చల్లారిపోతుందమ్మా," అంది.

నేను ఏదో ఒకటి అనాలి. పెద్దదాన్ని. ఇదేం పద్ధతే పాపా అని కసిరి, నవ్వించి, ఎలాగో మాట మార్చాలి. ఎన్ని కొంపల్లో మార్చలేదు! నా కప్పులో నురగ చూస్తూ కూర్చున్నాను.

షెంసా కప్పు తీసుకుంది. బతుకంతా ఈ మర్యాద మీద నిలబడ్డ మనిషి. ఎవరు పోసినా, ఎందుకు పోసినా, పోసిన కాఫీ వదిలి ఎరగదు. మడ్డి దాకా తాగింది. కప్పు పళ్ళెంలో సరిగ్గా పెట్టింది. గోడ పట్టుకుని లేచి, గుమ్మం దగ్గరికి నడిచి, తన ఇంట్లోంచి తను బయటికి పోవడానికి బూట్లు వెతుక్కుంది. కంటి నీళ్ళలో కనబడలేదేమో, రుస్మీర్ పాత బూట్లలో కాళ్ళు దూర్చేసింది.

అది చూశాక నేను కూర్చోలేకపోయాను. నా కప్పు ఒక్క గుక్కలో మింగాను. నాలుక కాలింది. తిహానాని భుజాలు పట్టుకుని లేపాను. ఆమె తన కప్పు తాగలేదు. చక్కెర బిళ్ళ మాత్రం గుప్పెట్లో బిగించి పట్టుకుని, నాతోపాటు గుడ్డిదానిలా నడిచింది.

ముగ్గురం వాకిట్లోకి వచ్చాం. వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

పొగమంచులో మా ఇంటి గుమ్మం కూడా కనబడడంలేదు. షెంసా కొడుకు బూట్లలో నిలబడి ఉంది, ఒంటి మీద శాలువా అయినా లేదు. తిహానా కోటు లోపలే ఉండిపోయింది. ఆరేళ్ళుగా పిల్లని చెరోవైపు లాగిన మనుషులు, లాగడానికి చేతుల్లో ఏమీ లేక నిలబడ్డారు.

"మా ఇంటికి పదండి," అన్నాను. "కాఫీ పెడతాను."

అలవాటుకొద్దీ అనేశాను. తిహానా నా మొహంలోకి చూసి ఒక్కసారిగా భోరుమంది. షెంసా కోడలిని దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యలేదు. మూసిన తలుపు మీద చెయ్యి ఆనించి, "ష్... ఏడవకు. లోపలి చప్పుడు వినబడదు," అంది.

లోపల బీరువా తలుపు తెరుచుకుంది. పెట్టె నేల మీద ఈడ్చిన చప్పుడైంది. పిల్ల సర్దుకుంటోందో, సర్దినవి తీసేస్తోందో, ఆ తలుపు బయటనుంచి మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.